గాలక్క పట్టిన ఆకురాయి

మూడు ఊళ్ళను కలుపుతూ ఒకటే రోడ్డు. నడిమి ఊళ్ళో అది వంపు తిరిగే చోట, రేకుల కప్పు కింద, సైకిల్ షాపు. ముందు గోడ ఉండాల్సిన చోట టైర్లు వేలాడుతుంటాయి. వాటి మధ్యలోంచి తల వంచుకుని లోపలికి వెళ్ళాలి. లోపల చెక్క బల్ల, బల్ల అంచుకు బిగించిన, ఇనుమును కదలకుండా పట్టే వైస్, పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, తలకిందులుగా నిలబెట్టిన సైకిల్. దాని వెనక ఒక ఆడమనిషి. చక్రాన్ని వేలితో తోసి, అది తిరుగుతున్నంతసేపూ చూస్తుంది. ఊగులాట కనిపించిన చోట ఆపుతుంది. ఒక స్పోకు బిగిస్తుంది. మళ్ళీ తోస్తుంది. చక్రం తిన్నగా తిరిగేదాకా ఎవరు పిలిచినా పలకదు.

ఆమెను అందరూ గాలక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా.

షాపు మొదట ఆమె అన్నది. చిన్నప్పుడు ఆమెకు ఇచ్చిన పని ఒకటే, గాలి కొట్టడం. పానా మీద చెయ్యి వేయబోతే అన్న, "నీకెందుకే ఇవన్నీ, గాలి కొట్టు" అనేవాడు. ఆమె గాలి కొడుతూ చూసేది. అన్న ఏదీ చెప్పలేదు. ఆమె ఏదీ అడగలేదు. అన్న లారీ ఎక్కి వెళ్ళి ఎక్కడో స్థిరపడ్డాక షాపుకు తడిక కట్టేశారు. ఒక ఉదయం పాలు పోసే మనిషి, తెగిన చైనుతో ఆ తడిక ముందు నిలబడి లోకాన్నంతా తిట్టుకుంటున్నాడు. ఆమె ఇంట్లోంచి వచ్చి తడిక విప్పింది. చైను అతికించి ఇచ్చింది. అతను సైకిల్ ఎక్కి కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగి, "మీ అన్నకంటే నువ్వే నయం" అని అరిచాడు. ఆ తడిక మళ్ళీ కట్టలేదు.

పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, "ముందు మీ బ్రేకులు చూసుకోండి" అనేది. కొన్నాళ్ళకు ఎత్తడం మానేశారు.

ఆమెకు ఒక అలవాటు. తెలియదు అనే మాట అనదు. ఎరగని పని వస్తే సైకిల్‌ను పైకీ కిందికీ చూసి, "రేపు రండి" అంటుంది. ఆ రేపటిలోగా విప్పి, మళ్ళీ విప్పి, ఎలాగో కనిపెడుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోని మనిషి. ఇంకొకరిని అడగడం ఆమెకు చేతకాదు. ఇంకొకరికి చెప్పడమూ చేతకాదు.

ఆ రోజుల్లో మూడు ఊళ్ళ బాగోగులు చూసే సంఘాలు కలిసి బడి గదిలో సమావేశం పెట్టాయి. చదువు ముగించి ఏ దారీ లేక రోడ్డు పక్క గోడల మీద కూర్చుంటున్న పిల్లల గురించి. పట్నంలో ఒక శిక్షణ కేంద్రం ఉంది. నీటి పంపులు చేసే కార్ఖానా ఉంది. ఏడాదిపాటు ఏదైనా షాపులో వారమంతా పనిచేసి, ఆపైన చేతిపని పరీక్షలో నెగ్గిన పిల్లలను కార్ఖానా తీసుకుంటుంది. జీతమిస్తూ పని నేర్పుతుంది. ఈ సంగతి చెప్పడానికి కేంద్రం నుంచి మేడమ్ వచ్చింది. చిన్నపిల్లల బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"వారమంతా ఇద్దరికి సరిపడే పని ఎక్కడుంది మేడమ్?" అన్నాడు కింది ఊరి వెల్డర్. గేట్లు, కిటికీ ఊచలు చేస్తాడు. "నాకే సగం రోజులు ఈగలు తోలుకోవడంతో సరిపోతోంది."

అతను చెప్పింది నిజం. ఏ ఊళ్ళోనూ అంత పనున్న షాపు లేదు.

గాలక్క వెనక నిలబడి ఉంది. కూర్చోవడానికి బల్లలు చాలలేదు. "ఒక షాపుకు ఒక పిల్ల ఎక్కువైతే, మూడు షాపులకు కలిపి ఒక పిల్లను ఇవ్వండి" అంది.

గది నవ్వింది.

"పిల్లనుకున్నావా, ట్రాక్టరనుకున్నావా అక్కా, వంతులేసుకోవడానికి?" అన్నాడు వెల్డర్.

"ట్రాక్టరైతే నీ వంతుకు ఇవ్వను. విరగ్గొడతావ్."

మేడమ్ నవ్వలేదు. ఆమె ఆలోచిస్తోంది. "రెండేసి రోజులు," అంది మెల్లగా. "మూడు చోట్ల. కలిపితే వారం. ఇలా ఎవరూ అడగలేదు. అడిగి చూస్తాను."

అడిగింది. కార్ఖానా సరేనంది. మూడు ఊళ్ళ సంఘాలు బస్సు ఛార్జీలు పంచుకున్నాయి. సైకిల్ షాపు, వెల్డర్ షాపు, పై ఊళ్ళో మోటార్లు బాగుచేసే, అందరూ మోటారు బాబాయ్ అనే పెద్దాయన షాపు. ఆ ముగ్గురికీ కలిపి మొదట వచ్చింది ఒక ఆడపిల్ల. పొడుగు మనిషి. వెల్డర్ మొదటిరోజే నిచ్చెన అని పేరు పెట్టాడు. వాళ్ళమ్మ పొలాల్లో కూలిపని చేస్తుంది. ఇంటి మంచిచెడ్డలు చూసేది మేనమామ. కోళ్ళ ఫారంలో గుడ్లు ఏరి సర్దే షెడ్డుకు ఆయన పెద్ద. మేనకోడలికి అక్కడ చోటు అట్టేపెట్టాడు. చెల్లెలు బతిమాలితే, "ఏడాది చూద్దాం. అప్పటికి ఏదీ తేలకపోతే నా మాట వినాలి" అన్నాడు. చెడ్డమనిషి కాదు. తేలని వాటి మీద ఆయనకు నమ్మకం లేదు, అంతే.

నిచ్చెన మూడు షాపులూ తిరిగింది. మూడు చోట్లా మూడు రకాల బడులు.

గాలక్క పనిచేస్తూ మాట్లాడదు. పిల్లను బల్లకు అటువైపు నిలబెట్టి, తను చేసేది కనిపించేలా కాస్త పక్కకు జరుగుతుంది. అదే పాఠం. ఒకసారి చేసి చూపి, విప్పేసి, పానా చేతికిస్తుంది. తప్పు చేస్తే తిట్టదు. మళ్ళీ విప్పేస్తుంది.

మోటారు బాబాయ్ ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాడు, మనుషులతో మాత్రం కాదు. కాలిపోయిన మోటారును ఒళ్ళో పెట్టుకుని, "ఏం తల్లీ, ఎవరు కాల్చారే నిన్ను ఇలా? నీళ్ళు లేని బావిలో దింపారా? బుద్ధి లేదా వాళ్ళకు?" అని దాన్ని అడుగుతాడు. పక్కన కూర్చుని వింటే రోగమూ మందూ రెండూ తెలిసిపోతాయి.

వెల్డర్ అసలు నేర్పడు. నల్లద్దాల టోపీ పిల్ల నెత్తిన పెట్టి, "అతికించు. ఊడితే మళ్ళీ అతికించు" అంటాడు. మొదటి గేటు ఎవరి చేతికీ రాకముందే రెండు ముక్కలైంది. రెండో గేటు ఒక ఇంటికి వెళ్ళింది.

ఏడాది తిరిగేసరికి నిచ్చెన చక్రాన్ని తిన్నగా తిప్పగలదు. మోటారు తీగ చుట్టగలదు. అతుకు కనపడకుండా ఇనుము అతకగలదు. సంఘం మనుషులు రోడ్డు మీద ఆపి మరీ మేస్త్రీలను మెచ్చుకునేవారు. ముగ్గురికీ లోలోపల గర్వంగా ఉండేది. పైకి మాత్రం గాలక్క, "ఆ పిల్ల చేతుల్లోనే ఉంది" అనేది.

పరీక్ష రోజున ముగ్గురూ షాపులు మూసుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని, పిల్లతోపాటు పట్నం బస్సెక్కారు. కార్ఖానాలో పొడుగాటి గది. వరసగా బల్లలు, బల్లబల్లకూ వైస్. మేస్త్రీలను లోపలికి రానివ్వలేదు. జాలీ కొట్టిన కిటికీ దగ్గర ముగ్గురూ తలలు ఆనించి నిలబడ్డారు.

ఫోర్‌మన్ ఒక్కొక్కరికీ అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క ఇచ్చాడు, ఇనుమును అరగదీసే ఆకురాయి ఒకటి ఇచ్చాడు. ఆకురాయితో రాకి, ముక్క పక్కలన్నీ చదునుగా, మూలలన్నీ నిక్కచ్చిగా చేయాలి. పరీక్ష అంతా అదే. చక్రం లేదు, మోటారు లేదు, అతుకు లేదు.

గాలక్క పక్కనున్న ఇద్దరి వైపూ చూసింది.

నిచ్చెన ఆకురాయిని దువ్వెనలా పట్టుకుంది. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ, తల దువ్వినట్టు దువ్వింది. పక్క బల్ల పిల్లవాడు కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులతో, నెమ్మదిగా ముందుకు తోస్తున్నాడు. నిచ్చెన అతన్ని చూసింది. చూసి మార్చుకోబోయింది. అప్పటికే ఆలస్యమైంది.

ఫోర్‌మన్ ఆమె ముక్కను తీసుకుని, ఉక్కు మూలమట్టాన్ని దాని పక్కకు ఆనించి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. చదునుగా ఉంటే రెంటి సందులోంచి వెలుగు రాదు. వచ్చింది. రెండు చివర్లా వచ్చింది. ముక్క నడుమ ఉబ్బి, అంచులు దిగిపోయాయి.

"ఏడాది పనిచేశావా?" అన్నాడు.

"చేశానండి."

"ఏమేం వచ్చు?"

చెప్పింది. ఆయన ఆశ్చర్యంగా విన్నాడు. "అవన్నీ నేర్పి, ఇది నేర్పకుండా ఎలా వదిలారమ్మా? నడక రాకముందే పరుగు పెట్టించినట్టుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?"

నిచ్చెన కిటికీ వైపు చూసింది. జాలీ వెనక ఉన్న మూడు తలలూ ఒకేసారి పక్కకు తప్పుకున్నాయి.

వచ్చే నెలలో ఇంకో పరీక్ష ఉందని, అదే చివరిదని ఫోర్‌మన్ చెప్పాడు. తిరుగు బస్సులో నలుగురూ నాలుగు సీట్లలో కూర్చున్నారు. సైకిల్ షాపు దగ్గర దిగేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

దిగాక విప్పారు.

"నీ దగ్గర వైస్ ఉంది కదా అక్కా! బల్లకు అలంకారానికి పెట్టుకున్నావా?" అన్నాడు వెల్డర్. "ఆకురాయి నువ్వే నేర్పుతున్నావనుకున్నా."

"ఇనుము పని నీది. పొద్దస్తమానం ఇనుము కోసేది నువ్వు. నువ్వు నేర్పకపోతే ఎవరు నేర్పుతారురా?"

"నేనెందుకు పడతా ఆకురాయి? మీట నొక్కితే గ్రైండర్ తిరుగుతుంది. గరగరమంటే అయిపోతుంది. ఇలాంటి నాజూకు పనులు బాబాయ్‌వి. మోటారు ఇరుసులు రాకేది ఆయన."

మోటారు బాబాయ్ గోడకేసి చూస్తూ, "ఇరుసులు ఇప్పుడు పట్నం పంపుతున్నా. తీరిక ఉండట్లేదు" అన్నాడు.

"తీరిక లేదా? పొద్దంతా మోటార్లతో కబుర్లు చెప్పడానికి ఉందా?" అన్నాడు వెల్డర్.

"అది కబుర్లు కాదు. వైద్యం."

"అయితే మీ ఇద్దరూ నేననుకున్నారు," అంది గాలక్క. "నేను మీరనుకున్నా."

నిచ్చెన నీళ్ళ తొట్టి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్క మాట అనుంటే బాగుండేదని ముగ్గురికీ అనిపించింది.

మర్నాడు మేనమామ వచ్చాడు. టైర్ల మధ్య తల వంచి, జుట్టు సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. చెల్లెలు వెనకే వచ్చి బయట నిలబడింది. ఆయన వస్తున్నాడని తెలిసి మోటారు బాబాయ్, వెల్డర్ కూడా అప్పటికే వచ్చి ఉన్నారు.

"అక్కా, మీ మీద నాకేం కోపం లేదు," అన్నాడాయన. గొంతు పెద్దది చేసే మనిషి కాదు. "ఏడాది అన్నాను. అయింది. ఎల్లుండి నుంచి షెడ్డుకు పంపమంటున్నారు. మళ్ళీ మళ్ళీ అడిగితే ఆ చోటు కూడా ఉండదు."

"ఒక్క నెల ఆగండి. ఇంకో పరీక్ష ఉంది."

"ఏడాదిలో రానిది నెలలో వస్తుందా?"

"నేర్పితే వస్తుంది."

"ఎవరు నేర్పుతారు? మీరేనా?"

గాలక్క చేతిలో స్పోకు ఉంది. దాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. రేపు రండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈయన రేపు రాడు. వస్తే పిల్లను తీసుకుపోవడానికే వస్తాడు. పీట మీద కూర్చున్న నిచ్చెన ఆమె మొహంలోకే చూస్తోంది, చేతులు చూసినంత శ్రద్ధగా.

"నాకు రాదు," అంది గాలక్క.

వెల్డర్ తల ఎత్తాడు.

"ఆకురాయి తిన్నగా పట్టడం నాకు రాదు. మా అన్న పట్టేవాడు. అప్పుడు నా వీపు అటు ఉండేది, గాలి కొడుతూ. చూడలేదు. తర్వాత ఆ పని వచ్చినప్పుడల్లా ఇంకో దారి వెతుక్కున్నా. పిల్లకు రాకపోవడం పిల్ల తప్పు కాదు. నాకే లేదు, ఎక్కణ్ణుంచి ఇస్తాను?"

"మరి ఇప్పుడెలా?" అన్నాడు మేనమామ. ఆయన అలాంటి జవాబు కోసం రాలేదు.

"ఆమె పక్కన నిలబడి నేనూ నేర్చుకుంటా. నెల తర్వాత ఏమీ కాకపోతే ఇద్దర్నీ తీసుకుపోండి షెడ్డుకి."

మేనమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీరొస్తే కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయక్కా."

అప్పుడు మోటారు బాబాయ్ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చాడు. కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. చెయ్యి దానంతట అదే వణుకుతోంది. వేళ్ళు బల్ల చెక్కను చిన్నగా తడుతున్నాయి.

"నాకు వచ్చు," అన్నాడు చేతినే చూస్తూ. "ఇది ఇలా అయ్యాక పట్టట్లేదు. తీగైతే మోచెయ్యి ఆనించి చుట్టుకుంటున్నా. ఇరుసులు అందుకే పట్నం పంపుతున్నా. తీరిక లేక కాదు."

ఎవరూ ఆ చేతి వైపు చూడలేకపోయారు.

"ఇంకేం," అన్నాడు వెల్డర్. "నేను మాత్రం ఎందుకు మిగలాలి? గ్రైండర్ లేకపోతే నాకు గోరు కూడా తిన్నగా తీసుకోవడం రాదు. అందరూ చెప్పేస్తున్నారు కదా, నాదీ వినండి."

బయటి నుంచి నిచ్చెన వాళ్ళమ్మ నవ్వు వినిపించింది. వెంటనే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేనమామ అటు చూశాడు. చెల్లెలు నవ్వి చాలాకాలమైనట్టుంది. "నెల," అని, తల వంచి టైర్ల మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ నెల సైకిళ్ళు ఆలస్యంగా బాగుపడ్డాయి.

వెల్డర్ ఇనుప పట్టీని ముక్కలు కోసి తెచ్చిపెట్టాడు. "ఇంతకంటే నా వల్ల కాదు. ఎన్ని కావాలంటే అన్ని పాడుచేసుకోండి" అన్నాడు. ముందు గాలక్క వైస్ దగ్గర నిలబడింది. నిచ్చెన చూసి నేర్చుకునే పిల్ల, ఆమెకు అలా అలవాటు చేసింది గాలక్కే. కనుక ఎవరో ఒకరు చేసి చూపాలి. చెయ్యగల బాబాయ్ చెయ్యి నిలవదు. మిగిలింది ఈ చెయ్యి.

మోటారు బాబాయ్ పక్కన నిలబడ్డాడు. మనిషికి చెప్పబోతే ఆయనకు మాట రాలేదు. "అది... అలా కాదు... ఇలా..." అని గాల్లో చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి వణికేది, దించేసేవాడు. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడోనాడు విసిగి, వైస్‌లో ఉన్న ఇనుప ముక్క వైపు వంగాడు.

"ఏంటమ్మా, ఇలా ఒళ్ళు చేశావ్? నిన్ను ఎవరు ఇంత బొజ్జ పెంచమన్నారు?" అన్నాడు ముక్కతో. "వెనక్కి లాగేటప్పుడు కూడా నీ మీద రుద్దుతోందా ఆవిడ? ముందుకు తోసేటప్పుడే కోస్తుంది ఆకురాయి, వెనక్కి ఊరికే రావాలి, ఆమాత్రం చెప్పుకోలేవూ?"

గాలక్క వెనక్కి లాగేటప్పుడు చెయ్యి తేలిక చేసింది.

"ఆఁ, చూశావా, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోందా?" అన్నాడు ముక్కతో.

అక్కణ్ణుంచి పాఠమంతా ఇనుముకే జరిగింది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆగి చూసేవారు. "బాబాయ్, ఆ ముక్క జవాబేమైనా చెబుతోందా?" అని ఒకరు. "గాలక్కా, ఈ వయసులో బడికెళ్తున్నావా? పలక కొనివ్వనా?" అని పాలు పోసే మనిషి. ఆమెకు చెవులు కాలేవి. ఇదివరకు ఆమె చేతులు ఎవరు చూసినా మెచ్చుకునే చూశారు. తడబడే చేతుల్ని పదిమందికి చూపడం కొత్త. కొన్ని సాయంత్రాలు ఆకురాయిని నీళ్ళ తొట్టిలో పారేయాలనిపించేది. పిల్ల అటువైపు నిలబడి చూస్తుండేది. పారేయలేదు.

బొజ్జ మాత్రం తగ్గలేదు. ఎంత రాకినా అంచులే దిగుతాయి, నడుమ ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి రోడ్డు వైపు ఎత్తి చూస్తే, రెండు చివర్లా వెలుగు. బాబాయ్ ముక్కను ఎన్ని రకాలుగా అడిగినా కారణం రాలేదు. ఆయన చేతికి అది తెలుసు. ఆయన నోటికి ఎప్పుడూ తెలియలేదు.

ఒకరోజు నిచ్చెన బల్లకు అటువైపు నుంచి ఇటు పక్కకు వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళు ఆకురాయికి సమంగా పెట్టింది.

"అత్తా, ఒకసారి మెల్లగా తొయ్యండి."

గాలక్క తోసింది.

"మళ్ళీ."

మళ్ళీ తోసింది.

"మొదట్లో పిడి కిందికి పోతోంది. చివరికొచ్చేసరికి ముక్కు కిందికి పోతోంది. ఊయల ఊగినట్టు ఊగుతోందత్తా. అందుకే నడుమ మిగిలిపోతోంది."

గాలక్క ఆగింది. "రెండు చేతులూ ఒకేలా నొక్కుతున్నానే!"

"అదే. ఒకేలా నొక్కకూడదేమో." పిల్ల లేచి ఆకురాయిని అందుకుంది. మొదట పిడి దగ్గరి కుడిచేతిని తేలిగ్గా ఉంచి, ముక్కు మీది ఎడమచేతితో నొక్కింది. తోస్తూ తోస్తూ ఎడమచేతి బరువు తగ్గించింది. కుడిచేతి బరువు పెంచింది. ఆకురాయి గీత గీసినట్టు పోయింది. చప్పుడు మారింది. ఇంతదాకా గర్రుగుర్రుమన్నది, ఇప్పుడు ఒకే తీరున సర్రుమంది.

మోటారు బాబాయ్ ముక్క సంగతి మరిచిపోయి పిల్లకేసి చూశాడు. "ఎడమచెయ్యి మోస్తున్నదాన్ని కుడిచేతికి అప్పజెప్పాలి. మధ్యలో ఎక్కడా పడెయ్యకుండా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను చేసింది అదేనా!" ఆ మాట ఆయన మనుషులతోనే అన్నాడు.

తర్వాత వైస్ దగ్గర ఎక్కువగా నిచ్చెనే నిలబడింది. గాలక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఊగితే "ఊగింది" అనేది. నిచ్చెన అలిసిపోతే గాలక్క లేచేది, అప్పుడు పిల్ల కూర్చుని "ఊగింది" అనేది. ఎవరు మేస్త్రీయో, ఎవరు నేర్చుకుంటున్నారో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. పాలు పోసే మనిషి ఎగతాళి మానేసి, ఒకసారి నిలబడి మరీ చూసి, "ఇందాక ఊగింది గాలక్కా" అన్నాడు. "తెలుసు. నడువు" అంది.

రెండో పరీక్షకు మేనమామ స్వయంగా తీసుకెళ్ళాడు. నెగ్గకపోతే అటు నుంచి అటే షెడ్డుకు అని వేరే చెప్పనక్కర్లేదు. గాలక్క కూడా వెళ్ళింది. మేనమామ, ఆమె జాలీ కిటికీ దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. నిచ్చెన కాళ్ళు ఎడంగా పెట్టింది. తోసింది. గాలక్క చేతులు రెండూ జాలీ పట్టుకుని, తెలియకుండానే ఎడమ నుంచి కుడికి బరువు మార్చుకుంటున్నాయి.

"ఊగుతోందా?" అన్నాడు మేనమామ గొంతు తగ్గించి. ఆయనకు ఆ మాట ఎవరు చెప్పారో.

"లేదు," అంది. కాసేపాగి, "ఒకసారి ఊగింది. సర్దుకుంది."

ఫోర్‌మన్ ముక్కను వెలుతురుకు ఎత్తాడు. ఒక పక్క చూశాడు. తిప్పి ఇంకో పక్క చూశాడు. నాలుగో పక్క దగ్గర ఆగాడు. అక్కడ ఒక మూలలో సన్నగా, వెంట్రుకంత వెలుగు. ఆయన ముక్కను బల్ల మీద పెట్టి, "ఇది ఎందుకు వచ్చింది?" అన్నాడు.

నిచ్చెన వంగి చూసింది. "ఆ చివర నా ఎడమచెయ్యి ముందే వదిలేసిందండి. అలిసిపోయి తొందరపడ్డాను."

"మళ్ళీ చేస్తే?"

"వదలను."

ఫోర్‌మన్ ఆకురాయిని ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. ఆమె ఆ మూలను మళ్ళీ రాకింది. ఆయన మళ్ళీ ఎత్తి చూశాడు. తర్వాత మూలమట్టాన్ని పెట్టెలో పెట్టేసి, సోమవారం ఎన్నింటికి రావాలో చెప్పాడు.

మేనమామ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పాలి షెడ్డులో," అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. గాలక్క జాలీ మీంచి చేతులు తీసి చూసుకుంది. వేళ్ళ మీద గళ్ళగళ్ళుగా అచ్చు పడింది.

నిచ్చెన పట్నంలో శిక్షణ కేంద్రం వసతి గదికి మారింది. సంఘాలు ఈసారి ఇద్దరు పిల్లలను పంపాయి. వాళ్ళు మొదట వెల్డర్ దగ్గరికి వెళ్ళే రోజున గాలక్క తన షాపు మూసి, సైకిల్ ఎక్కి కింది ఊరికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ షాపు లోపలికి రావడం అదే మొదలు. గోడకు ఆనించిన సగం గేట్లు, నేల మీద నల్లటి మచ్చలు, కాలిన వాసన.

"ఏంటక్కా, తనిఖీయా?" అన్నాడు వెల్డర్.

"వీళ్ళు ఎల్లుండి నా దగ్గరికొస్తారు. ఆపైన బాబాయ్ దగ్గరికి. నువ్వేం నేర్పావో తెలియకుండా నేనేం నేర్పాలి? పోయినసారి లాగా మళ్ళీ జాలీ వెనక దాక్కోవడం నా వల్ల కాదు. నా మానాన నేను కూర్చుంటా. నువ్వు మొదలుపెట్టు."

ఇద్దరు పిల్లలూ వెల్డర్ మొహంలోకి చూశారు. అతను నల్లద్దాల టోపీ చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పక్కన పెట్టాడు. తల గోక్కున్నాడు.

"ముందు ఏం చెప్తావ్?" అంది గాలక్క.

"ఉండక్కా, ఆలోచించనీ. ఎప్పుడూ ముందు నుంచి మొదలుపెట్టలేదు నేను." కాసేపు షాపంతా కలయజూశాడు. "ముందు... ఏదీ ముట్టుకోవద్దని చెప్తా."

"ఎందుకండీ?" అంది పిల్లల్లో చిన్నది.

"ఇక్కడ ఎర్రగా ఉన్నది అందరికీ తెలుస్తుంది. నల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు పడి ఉంటుంది చూడు, కాల్చేది అదే."

పక్కన పడి ఉన్న ఇనుప ఊచను జరిపి కూర్చోబోతున్న గాలక్క చెయ్యి వెనక్కి తీసుకుంది.